రెండు చుక్కల నూనె

డాక్టరమ్మ ఆస్పత్రిలో ఇత్తడి రెక్కల ఫ్యాను గురువారం పొద్దున ఆగిపోయింది. ఆగింది ఫ్యాను, ఊడింది ఆయమ్మ ఉద్యోగం. ఈ రెండింటికీ మధ్య గంట కూడా పట్టలేదు.

జరిగిందంతా వైండింగమ్మ దగ్గరుండి చూసింది. కబురు వచ్చింది ఆవిడ భర్త ఫ్యాన్ల మేస్త్రికే గానీ, ఆ ఫ్యాను అడుగు పోత ఇనుము. ఒక్క మనిషి ఎత్తితే నడుం పట్టేస్తుంది. అందుకని ఆవిడ కూడా వెళ్లింది. దుకాణంలో తెర వెనక కూర్చుని రాగి తీగ చుట్టేది ఆవిడ, తెర ముందు కూర్చుని పేరు తెచ్చుకునేది ఆయన. ముప్పై ఏళ్లుగా ఆ ఏర్పాటు మీద ఇద్దరికీ పేచీ రాలేదు. ఆయనకు మాటలు ఎక్కువ, ఆవిడకు ఓపిక ఎక్కువ, సరిపోయింది.

ఆస్పత్రి అంటే పెద్దదేం కాదు. ముందు హాలు, హాల్లో గోడ పొడుగునా బెంచీలు, లోపల డాక్టరమ్మ గది, పక్కన మందులిచ్చే కిటికీ. హాలు మూల బల్ల మీద ఆ ఫ్యాను. అది డాక్టరమ్మ తండ్రిగారిది. ఆయనా ఆ గదిలోనే వైద్యం చేశాడు. దాని గాలికి చెమటార్చుకున్న పసిపిల్లలు ఇప్పుడు తాతలై అదే బెంచీ మీద దగ్గుతూ కూర్చుంటున్నారు. డాక్టరమ్మకి అది ఫ్యాను కాదు, ఇంట్లో పెద్దదిక్కు.

మేస్త్రి వంగి మోటారును వాసన చూశాడు. మెడ మీద వేలు రాసి చూపించాడు. వేలంతా నూనె. మెడ మీంచి కారిన నూనె బల్ల మీదకు దిగి, రోగుల పేర్లు రాసే పుస్తకం అట్టను కూడా తడిపేసింది.

"నూనె ఎక్కువైందమ్మా. మోటారులోకి దిగిపోయి రాగి తీగ చుట్ట కాలింది. వారానికి రెండు చుక్కలు వెయ్యమని చెప్పి సీసా కూడా నేనే ఇచ్చాను. రెండు చుక్కలంటే మనవాళ్లకు రెండు గరిటెలు," అన్నాడు. బెంచీల మీద నవ్వులు వినపడ్డాయి. నలుగురు నవ్వితే మేస్త్రికి ఊపొస్తుంది. "ఇది మోటారమ్మా, బాణలి కాదు," అని కూడా అన్నాడు.

ఆయమ్మ చేతిలో తుడుపుకర్ర ఉంది. సగం హాలు తుడిచింది, సగం మిగిలింది. "రెండు చుక్కలే వేశానండి. ఆదివారం ఆదివారం, లెక్కపెట్టుకుని వేశాను," అంది.

"మరి ఈ నూనె ఎక్కణ్నుంచి వచ్చింది? ఆకాశం నుంచి ఊడిపడిందా?" అంది డాక్టరమ్మ.

"నాకు తెలీదమ్మా. నేను వేసింది రెండు చుక్కలే."

డాక్టరమ్మ చెడ్డమనిషి కాదు. కాకపోతే అబద్ధం అంటే ఒంటికి కారం రాసుకున్నట్టు ఉంటుంది ఆవిడకి. "పోస్తే పోశావు. మనుషులన్నాక పొరపాట్లు చేస్తారు. పోసి పొయ్యలేదంటావేం? మందులుండే చోటు ఇది. ఒక సీసా బదులు ఇంకో సీసా తీసి, తియ్యలేదంటే ఏం కాను? ఈ శనివారం దాకా చెయ్యి. సోమవారం నుంచి ఇంకొకళ్లని చూసుకుంటాను," అంది.

ఆయమ్మ గట్టిగా మాట్లాడలేదు, ఏడవలేదు. "రెండు చుక్కలేనమ్మా," అని ఇంకొక్కసారి అంది. డాక్టరమ్మ వైపు చూసి కాదు, మేస్త్రి వైపు చూసి. ఆయన అప్పటికే ఫ్యాను తల పట్టుకుని, భార్యను అడుగు పట్టుకోమంటున్నాడు. ఆయమ్మ మిగిలిన సగం హాలు తుడవడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఆ తడి నేల మీదే అడుగులేసుకుంటూ ఫ్యానుని బయటకు మోశారు.

దారిలో మేస్త్రి కూనిరాగం తీస్తున్నాడు. "విప్పకుండానే చెప్పేశారు," అంది వైండింగమ్మ.

"నాడి చూస్తే చాలదా? నలభై ఏళ్ల చెయ్యి ఇది."

"మనిషి నోటి దగ్గర కూడు పోయింది."

"నేనేం పీకెయ్యమన్నానా? నూనె ఎక్కువైందన్నాను. ఉన్నమాటేగా," అన్నాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువని సామెత. ఆయన ఉలకలేదు, హాయిగా నడిచాడు.

శుక్రవారం పొద్దున మేస్త్రి తెర ముందు ఎవరిదో మిక్సీ సంగతి మాట్లాడుతుంటే, ఆవిడ తెర వెనక ఆ ఫ్యానుని గోనెసంచి మీద పడుకోబెట్టింది. ముందు ఇత్తడి జాలీ తీసింది. మరమేకు వదులు చేసి రెక్కలు ఊడదీసి, గోడకు ఆనించింది. తరువాత మోటారును అటూ ఇటూ పట్టి ఉంచే నాలుగు పొడుగు బోల్టులు. నాలుగూ తిప్పి, వెనక మూతను కొయ్యసుత్తితో చుట్టూరా చిన్నచిన్నగా తట్టింది. మూత కదిలింది గానీ రెక్కల్ని తిప్పే షాఫ్టు మాత్రం ముందు మూతలో బిగుసుకుపోయి ఉంది. కిరసనాయిలు పోసి, ఓ టీ తాగి వచ్చి, మళ్లీ తడితే అప్పుడు కీచుమంటూ బయటకు వచ్చింది.

ఆవిడ చేసేది వైండింగు కాబట్టి ముందు చూసుకునేది చుట్టనే. ముక్కుతో చూసింది, కళ్లతో చూసింది, బల్బు వరసలో పెట్టి కరెంటు ఇచ్చి చూసింది. బల్బు మసక మసగ్గా వెలిగింది. అంటే చుట్ట బతికే ఉంది. వేడికి పైపూత కాస్త వాసన కొట్టిందంతే. మోటారు లోపలికి నూనె దిగనే లేదు. ఆయన నాడి అక్కడికక్కడే తప్పింది.

ఇక షాఫ్టు. తెల్లటి దూది పట్టి దాని ముందు కొసను తుడిచింది. దూదికి నల్లటి పొడి అంటింది తప్ప నూనె జిడ్డు పిసరంత లేదు. కాలిన పెనం అంచులా నీలంగా, గోధుమరంగుగా మాడి, చుట్టూ గీతలు పడి ఉంది. నూనె ఎక్కువై ఆగిన మోటారులో షాఫ్టు ఇంత ఎండిపోయి ఉండడమేమిటి? ఆవిడ ఫ్యాను మెడ మీది నూనె కప్పు మూత తిప్పి, లోపల ఉండే ఫెల్టు ముక్కను, ఆ ఉన్ని వత్తిని, పట్టకారుతో లాగింది. అది ఉబ్బి ఉంది. రెండు వేళ్ల మధ్య నొక్కితే నూనె ముంజేతి మీదకు కారింది. శుభ్రమైన నూనె, తేనెరంగు, ఒక్కసారి కూడా తిరిగే షాఫ్టును తాకని నూనె.

ఆ పాత ఫ్యాన్లలో నూనె ప్రయాణం ఇంతే: కప్పులో పోస్తే ఫెల్టు తాగుతుంది, ఫెల్టు కొస బుష్షుకున్న చిన్న కిటికీ గుండా లోపలికి వెళ్లి షాఫ్టును రాసుకుంటుంది, షాఫ్టు తిరుగుతూ తనకు కావలసింది తను తీసుకుంటుంది. బుష్షంటే షాఫ్టు తిరిగే ఇత్తడి గొట్టం. ఆవిడ కప్పు రంధ్రంలోకి టార్చి వేసి చూసింది. కిటికీ కనపడాల్సిన చోట నున్నటి ఇత్తడి గోడ కనబడింది. కిటికీ అవతలి వైపుకి, పోత ఇనుము వైపుకి తిరిగి ఉంది. పదహారు ఆదివారాలు ఆ గోడ దాకా నూనె వచ్చి ఆగిపోయింది. ఫెల్టు తాగగలిగినంత తాగి, ఇక పట్టక పొంగింది. కింద షాఫ్టు దాహంతో చచ్చింది.

ఆ బుష్షు చలికాలం చివర కొత్తగా వేసిందే. వేసింది మేస్త్రి. చుట్టడం ఆవిడదీ, బిగించడం ఆయనదీ. "మూత నేను మూస్తా," అనేది దుకాణంలో చట్టం. ఆ రోజు కరెంటు లేకపోతే టార్చి పట్టనా అని అడిగింది కూడా. పొయ్యి దగ్గరికి పొమ్మన్నాడు.

అప్పుడే తెర అవతల ఆయమ్మ గొంతు వినపడింది.

"మేస్త్రిగారూ, మీరిచ్చిన సీసా తెచ్చాను. చూడండి. ఎంతుందో చూడండి."

గాజు సీసా బల్ల మీద పెట్టిన చప్పుడు. తెర సందులోంచి వైండింగమ్మకు సీసా కనబడింది. మెడ దాకా నిండుగా ఉంది.

"గరిటెలతో పోస్తే ఇంత మిగులుతుందా అండీ? ఈ మాట డాక్టరమ్మకి మీరు చెప్పండి చాలు. నేను చెబితే వినడం లేదు," అంది ఆయమ్మ.

మేస్త్రి సీసా వైపు చూశాడో లేదో. "నింపడం ఎంతసేపు తల్లీ? కుట్టుమిషను నూనె ఏ కొట్లోనైనా దొరుకుతుంది," అన్నాడు. కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వే ఎక్కువ తగిలి ఉంటుంది. ఆయమ్మ సీసా తీసుకుని వెళ్లిపోయింది.

తెర వెనక వైండింగమ్మ చేతిలో ఫెల్టు ముక్క అలాగే ఉంది. ఒక్క అడుగు వేస్తే తెర అవతల ఉండేది. వెయ్యలేదు. కట్టుకున్నవాడి పరువు కాళ్లకు అడ్డంపడింది. ఆమె వెళ్లిపోయిన తరువాత చూసుకుంటే నూనె మోచేతి దాకా కారి ఉంది.

ఆ రోజంతా ఆవిడకు మింగలేక కక్కలేక సరిపోయింది. మనసు ఎన్ని దారులు వెతకాలో అన్నీ వెతికింది. బుష్షు తీసి సరిగ్గా తిప్పి మళ్లీ దిగ్గొడితే సరి. ఫ్యాను తిరుగుతుంది, మేస్త్రి పేరు నిలబడుతుంది, అడిగేవాడు ఉండడు. ఆయమ్మకు ఇంకోచోట పని దొరక్కపోదు. అయినా దొరకాల్సింది పనేనా? అబద్ధాలకోరు అని నలుగురిలో పడ్డ పేరు ఏ కిటికీలోంచి బయటకు పోతుంది? అలా అనుకున్నాక ఆవిడకు అన్నం సయించలేదు. బుష్షు ఎలా ఉందో అలాగే, కప్పు రంధ్రానికి ఎదురుగా దాని మీద సూదిమొనతో ఒక గీత గీసింది. గీత గీశాకే దాన్ని బయటకు లాగింది. రేపు ఎవరూ కాదనకూడదు. ముఖ్యంగా తను.

శనివారం మధ్యాహ్నం, షట్టరు సగం దించి ఉన్నప్పుడు, ముందు ఫెల్టు ఆయన ముందు పెట్టి పిండింది. తరువాత షాఫ్టు చూపించింది. చివరకు బుష్షు అరచేతిలో పెట్టింది.

ఆయనకు విషయం అర్థం కావడానికి మాటలు అక్కర్లేదు. ఒప్పుకోవడానికే కావలసి వచ్చాయి. "వేడికి తిరిగి ఉంటుంది," అన్నాడు.

"దిగ్గొట్టిన బుష్షు తిరిగితే ఒంటి మీద గీతలు పడాలి. ఒక్కటీ లేదు. మీరు ఎలా దింపారో అలాగే ఉంది."

"అంటే నలభై ఏళ్ల తరువాత నాకు బుష్షు వెయ్యడం నువ్వు నేర్పుతావా?"

"నేర్పను. కిటికీ ఎక్కడుందో చూపించండి చాలు."

ఆయన బుష్షును బొటనవేలితో తిప్పాడు. వేలు ఒకచోట ఆగింది. "ఇదిగో," అన్నాడు.

"అది కిటికీ కాదండీ. నొక్కు. దిగ్గొట్టేటప్పుడు పడ్డ సొట్ట. కిటికీ వెనకవైపుంది. కళ్లతో చూడండి."

ఆయన కళ్ల దగ్గరకు ఎత్తలేదు. బుష్షు అరచేతిలోనే ఉంది, ఆయన గోడ వైపు చూస్తున్నాడు. వైండింగమ్మకు అరుపు వినడానికి చెవులు సిద్ధంగా ఉన్నాయి. ఏ వస్తువు విసిరేస్తాడో కూడా అంచనా వేసుకుని స్క్రూల డబ్బా పక్కకు జరిపింది. అరుపు రాలేదు.

"కనబడడం లేదే," అన్నాడు.

"ఏది?"

"ఏదీ. ఏడాదిన్నర అయింది. మంచులోంచి చూసినట్టుంటుంది. పెద్దవి పోల్చుకుంటాను. చిన్నవి వేలితో చూసుకుంటున్నాను. ఆ రోజు వేలికి సొట్ట దొరికింది, అదే కిటికీ అనుకున్నాను. నిన్న సీసా కూడా నాకు కనపడలేదు. నిండుగా ఉందో ఖాళీగా ఉందో తెలీదు. తెలిసినట్టు మాట్లాడాను."

ఆవిడ పక్కన కూలబడింది. ఏడాదిన్నరగా సన్నటి స్క్రూలన్నీ "నీ వేళ్లు సన్నం" అంటూ తన ముందుకు తోస్తుంటే మురిపెం అనుకుంది. పిచ్చిమొహం. "నాకెందుకు చెప్పలేదు?" అంది. గొంతులో కోపం ఉంది, కోపం కింద భయం ఉంది.

"చెబితే నువ్వు పని చెయ్యనిస్తావా? కళ్లు పోయిన మేస్త్రికి మిక్సీ ఎవడిస్తాడు? ఒక్క ఆరు నెలలు నెట్టుకొద్దాం, ఒక్క వేసవి నెట్టుకొద్దాం అనుకుంటూ వచ్చాను. రోజూ పొద్దున షట్టరు ఎత్తుతుంటే గుండె దడ. ఇవాళ ఏది తప్పు బిగిస్తానో, ఎవరికి షాకు కొట్టిస్తానో అని." ఆయన బుష్షును బల్ల మీద పెట్టాడు. "చెప్పేశాక తేలిగ్గా ఉందే. ఇంత తేలిగ్గా ఉంటుందని తెలిస్తే ముందే చెప్పేవాణ్ని."

"తేలిగ్గా ఉంది మీకు. దించుకున్న బరువు ఆయమ్మ నెత్తిన ఉంది," అంది ఆవిడ.

ఆయన తలూపాడు. ఇవాళే ఆమెకు ఆఖరి రోజని ఇద్దరికీ తెలుసు.

ఆదివారం దుకాణం సెలవు. సగం ఎత్తిన షట్టరు వెలుగులో ఇద్దరూ కింద కూర్చున్నారు. ఆయన సన్నటి సానకాగితంతో షాఫ్టును నునుపు చేశాడు. దానికి కళ్లతో పనిలేదు, వేలికొసలే చెబుతాయి. గీతలు పోయేదాకా, కిరసనాయిలు తుడిచి గోరు పెట్టి గీస్తే జారిపోయేదాకా రుద్దాడు. ఆవిడ బుష్షు కిటికీకి ఎదురుగా అంచు మీద పెన్సిలు గీత పెట్టి, మూతలో కప్పు రంధ్రానికి ఎదురుగా ఇంకో గీత పెట్టి, రెండు గీతలూ కలిపి పట్టుకుంది. ఆయన పైన గొట్టం ముక్క ఆనించి సుత్తి వేశాడు. ఒక్కో దెబ్బకు ఒకసారి ఆగి, "ఉందా?" అంటాడు. "ఉంది," అంటుంది. చివరి దెబ్బ తరువాత ఆవిడ రంధ్రంలోకి టార్చి వేస్తే కిటికీ నిండుచందమామలా ఎదురుగా ఉంది.

ఫెల్టును కొత్త నూనెలో నానబెట్టి, కొస కిటికీలోంచి బయటకు వచ్చేలా దూర్చింది. ఆయన వేలు లోపలికి పెట్టి తడిమాడు. వేలికి తడి తగిలింది. "ఆ," అన్నాడు, అంతే. వెనక గేర్ల డబ్బాలో గ్రీజు ఎండి మైనంలా గట్టిపడితే పుల్లతో గోకి తీసి, కొత్తది కూరారు. షాఫ్టు రెండు కొసలకూ పల్చటి ఉంగరాలు తొడిగి, దాన్ని చుట్ట మధ్యకు దించారు. మూతల అంచుల మీద పాతకాలం మేస్త్రి ఎవరో వేసిన చుక్కలున్నాయి, ముందుదానికి ఒకటి, వెనకదానికి ఒకటి. రెండు చుక్కలూ ఎదురెదురుగా రాకపోతే మోటారు వంకరగా కూర్చుంటుంది.

"మూత నువ్వు మూయి," అన్నాడు మేస్త్రి.

ఆవిడ చేతులు తుడుచుకుని, చుక్కకు చుక్క కలిపి మూసింది. నాలుగు బోల్టులూ ఒకేసారి బిగించకూడదు. ఒకదానికి పావు చుట్టు, ఎదురుదానికి పావు చుట్టు, మధ్యలో కొయ్యసుత్తితో ఒక తట్టు, షాఫ్టును వేళ్లతో ఒకసారి తిప్పి చూసుకోవడం. ఇదంతా ముప్పై ఏళ్లుగా తెర సందులోంచి చూసిందే. మూడో విడతకు షాఫ్టు పట్టేసింది. ఆవిడ చెయ్యి ఆపింది. "కంగారుపడకు. కింద ఎడమ బోల్టు కాస్త వదులు చేసి, పైన తట్టు," అన్నాడాయన, చెయ్యి పెట్టకుండానే. వదులు చేసి తట్టింది. షాఫ్టు వెన్నలో వేలు పెట్టినట్టు తిరిగింది.

ముందు బల్బును వరసలో పెట్టి కరెంటు ఇచ్చారు. పాత మోటారు బద్ధకంగా ఒళ్లు విరుచుకుని కదిలింది. బల్బు తీసేసి నేరుగా ఇచ్చారు. అరగంట నడిపారు. మేస్త్రి మెడ మీద చెయ్యి వేసి చూశాడు, గోరువెచ్చగా ఉంది. స్విచ్చి ఆపితే రెక్కలు వెంటనే ఆగలేదు. తిరిగి తిరిగి, ఆగాలో వద్దో ఆలోచించి, ఇంకా రెండు చుట్లు తిరిగి నిలబడ్డాయి. 

పొద్దు వాలకముందే వైండింగమ్మ ఆయమ్మ గది వెతుక్కుంటూ వెళ్లింది. ఆయమ్మ గుమ్మంలో కూర్చుని పిల్లల బట్టలకు గుండీలు కుడుతోంది. కూర్చోమని పీట వేసింది గానీ నవ్వలేదు. వైండింగమ్మ జరిగినదంతా చెప్పింది. బుష్షు సంగతి, కిటికీ సంగతి, ఆయన కళ్ల సంగతి. చెప్పాల్సింది ఇంకొకటి మిగిలింది. అది అన్నిటికన్నా బరువుగా ఉంది.

"మొన్న నువ్వు సీసా తెచ్చినప్పుడే నాకు తెలుసు తల్లీ. తెర వెనకే ఉన్నాను. బయటకు రాలేకపోయాను."

"చూశానక్కా. తెర కింద మీ కాళ్లు కనబడ్డాయి," అంది ఆయమ్మ. దారం పళ్లతో తెంపింది. "నెల రోజులుగా కప్పు నూనె తాగడం లేదు. వేస్తే పైనే నిలబడేది. మేస్త్రిగారు వెయ్యమన్నారు కదా, మానేస్తే నా తప్పవుతుందని వేస్తూనే ఉన్నాను. ఆ రోజు అది చెబుదామనుకున్నా. అడిగినవాళ్లు లేరు. అందరూ చెప్పేవాళ్లే."

"రేపు ఆయన డాక్టరమ్మతో చెబుతారు. మళ్లీ పిలిపిస్తారు."

"గదిలో చెబుతారా, హాల్లో చెబుతారా?"

వైండింగమ్మ చూపు గుండీల వైపు తిప్పుకుంది.

"నన్నన్నది హాల్లో అక్కా. బెంచీలు నిండా జనం ఉన్నారు. వాళ్లే రానక్కర్లేదు, ఎవరో ఒకరు ఉంటే చాలు. నా పేరు ఆ హాల్లోంచి ఎలా పోయిందో అలాగే నడిచి వస్తుంది."

"నువ్వు వస్తావా?"

"వస్తాను," అంది ఆయమ్మ.

సోమవారం పొద్దున ఫ్యాను మోసుకుని వెళ్లేసరికి హాలు నిండా జనం. పనిమనిషి ఇంకా కుదరలేదో ఏమో, నేల తుడవలేదు. ఆయమ్మ గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, పెళ్లిచూపులకు వచ్చిన మనిషిలా ఉంది. మేస్త్రి ఫ్యాను బల్ల మీద దింపి, నేరుగా డాక్టరమ్మ గదిలోకి దూరబోయాడు. వైండింగమ్మ దగ్గింది. అది ఏ జబ్బు దగ్గో ఆయనకు బాగా తెలుసు. ఆగి, వెనక్కి వచ్చి, "అమ్మా, మీరొకసారి బయటకు రావాలి," అన్నాడు.

డాక్టరమ్మ స్టెతస్కోపు మెడలో వేసుకునే వచ్చింది. బెంచీల మీదివాళ్లు తలలెత్తారు.

గురువారం నాడు అన్ని మాటలు దొర్లిన నోటికి ఇప్పుడు మొదటి మాట దొరకలేదు. ఫ్యాను జాలీ మీద చెయ్యి వేశాడు. "ఈ ఫ్యాను ఆగింది నా వల్లమ్మా. బుష్షు తిరగేసి బిగించాను. ఆయమ్మ వేసిన నూనె లోపలికి పోవడానికి నేను దారి మూసేశాను. అందుకే పైకి పొంగింది. ఆమె రెండు చుక్కలే వేసింది. విప్పి చూడకుండా ఆమె మీదకు తోసేశాను. నవ్వించాను కూడా. తప్పు నాది," అన్నాడు.

 కాలికి కట్టు కట్టుకున్న ఓ పెద్దాయన, "అయితే గరిటె నీ చేతిలోదేనన్నమాట మేస్త్రీ," అన్నాడు. నలుగురూ నవ్వారు. ఈసారి మేస్త్రి నవ్వలేదు, తలూపాడు.

డాక్టరమ్మ ముఖం చూస్తే జ్వరం తగిలినట్టుంది. "నలభై ఏళ్ల చెయ్యి కదయ్యా నీది. అంత చిన్న విషయం ఎలా కనబడలేదు?" అంది.

"కనబడకే అమ్మా," అన్నాడాయన. ఆ మాట అన్న తీరుకు ఆవిడలో డాక్టరు మేలుకుంది. దగ్గరకు వచ్చి, గడ్డం పట్టి ముఖం వెలుతురు వైపు తిప్పి, జేబులోంచి చిన్న టార్చి తీసి ఒక కన్నూ, తరువాత ఇంకో కన్నూ చూసింది. వైండింగమ్మ గోడ పట్టుకుంది.

"శుక్లాలు," అంది డాక్టరమ్మ. "రెండు కళ్లకీ బాగా ముదిరాయి. కళ్ల డాక్టరుకు చీటీ రాసిస్తాను, మిగతాదంతా ఆయన చూస్తాడు. నాకు తెలిసినంతలో ఒక్కో కంటికీ అరగంట పని. మళ్లీ సూదిలో దారం ఎక్కిస్తావు."

"పోవా అమ్మా? కళ్లు?"

"పోతే శుక్లం పోతుంది. కళ్లు ఎక్కడికి పోతాయి?"

మేస్త్రి బెంచీ అంచున కూర్చుండిపోయాడు. చేతులతో ముఖం రుద్దుకున్నాడు, రుద్దుకుని రుద్దుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఏడాదిన్నర పాటు రోజూ పొద్దున షట్టరుతోపాటు ఎత్తుకున్న భయం అంతా ఆ నవ్వులో కారిపోయింది. వైండింగమ్మకు కళ్లనీళ్లు వచ్చాయి, పక్కవాళ్లు చూస్తారని కూడా అనుకోలేదు.

డాక్టరమ్మ ఆయమ్మ వైపు తిరిగింది. ఆవిడకు చీటీలు రాయడం అలవాటు, క్షమాపణ అలవాటు లేదు.  "నిజం చెబుతున్నావని తెలుసుకోలేకపోయాను. అబద్ధమన్నాను. అనకూడదు," అంది, అందరికీ వినపడేలాగే. "ఇంకెవర్నీ పెట్టలేదు. నీ పని నీదే. తుడుపుకర్ర ఎక్కడుందో నీకు తెలుసు."

అందరూ ఆయమ్మ వైపు చూశారు. వైండింగమ్మ కూడా చూసింది, ఎక్కడ కాదంటుందోనని.

"వస్తానమ్మా. రేపు పొద్దున ఆరింటికల్లా వస్తాను," అంది ఆయమ్మ. "ఇవాళ పనికి రాలేదు. వినడానికి వచ్చాను."

ఆమె నడిచి వచ్చి, రోగుల బెంచీ మీద, కాలికి కట్టున్న పెద్దాయన పక్కన కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ బెంచీని తుడవడమే గానీ దాని మీద కూర్చోలేదు. పెద్దాయన కాస్త జరిగి చోటిచ్చాడు. వైండింగమ్మ స్విచ్చి వేసి, తిరుగుతున్న ఫ్యాను మెడ పట్టుకుని ఆ వైపుకు తిప్పింది. డాక్టరమ్మ తరువాతి రోగిని లోపలికి పిలిచింది.